రెండో రోకలి

కళింగపట్నం
12 ఆగస్టు 1968

శ్రీవారికి,

నీలవేణి నమస్కారాలు. ఇక్కడ అత్తయ్య, మావయ్య బాగున్నారు. నేనూ బాగున్నాను. హైదరాబాదులో మీకు భోజనం ఎలా దొరుకుతోందో ఒక్క ముక్క రాయలేదు గానీ, పాఠం మాత్రం పేజీల కొద్దీ రాశారు.

ఆ పాఠం చాలాసార్లు చదివాను. అయిదో తరగతి చదివినదానికి ఇంత పాఠమా అని మొదట భయం వేసింది. ఇంగ్లీషు మాటని ముక్కలుగా విరుచుకోవాలని, ఒక్కో ముక్కా ఒక్కో ఊపిరి తోపు అని, అందులో ఒక ముక్క మీదే బరువు వేయాలని రాశారు. విరవడం వచ్చింది. గుడ్, నే, చర్డ్. మూడు ముక్కలు. మంచి స్వభావం గలది అని అర్థం. బరువు వేయడమే రావడం లేదు. మన తెలుగులో అక్షరాలన్నిటినీ తోడికోడళ్లలా సమానంగా చూసుకుంటాం కదా. ఒకదాన్ని నెత్తికెత్తుకుని మిగతావాటిని తొక్కడం నా నోటికి పాపంలా ఉంది.

నిన్న పొయ్యి దగ్గర గొణుక్కుంటూంటే అత్తయ్య విన్నారు. "ఏటే, పొయ్యికి మంత్రమేస్తన్నావా? ఊదితే అంటుకుంటాది గానీ సదివితే అంటుకుంటాదా?" అన్నారు. మీరు పంపిన పాఠమని చెప్పడానికి సిగ్గేసి ఊరుకున్నాను. పక్కింటి అసిరమ్మగారు మాత్రం వదల్లేదు. దడి మీంచి తొంగి చూసి, "కొత్త మొగుడు ఉత్తరంలో సరసాలంపిస్తాడనుకున్నాను. బడి అంపిస్తన్నాడేటి!" అని ఒకటే నవ్వు.

మాఘమాసానికి మీ శిక్షణ అయిపోతుందని, విజయనగరం హైస్కూల్లో ఇంగ్లీషు మేష్టరుగా వేస్తారని, ఇల్లు కుదరగానే నన్ను తీసుకెళతానని అన్నారు. అక్కడి మేష్టర్ల భార్యల ముందు నేను తెల్లమొహం వేయకూడదన్నారు. నాకు ఆ విజయనగరం ఇల్లు ఒక్కటే కావాలి. పెళ్లయ్యాక మనం ఒక చూరు కింద ఉన్న రోజులు వేళ్ల మీద అయిపోతాయి. దానికోసం ఎంత బరువైనా వేస్తాను. ఎలా వేయాలో మళ్లీ చెప్పండి.

మీ ఉత్తరానికి ఎదురుచూసే
నీలవేణి


హైదరాబాదు
21 ఆగస్టు 1968

చి.ల.సౌ. నీలవేణికి,

నరసింగరావు ఆశీస్సులు. భోజనం గురించి అడిగావు. పప్పులో చింతపండు ఏదో దయ తలచినట్టు రవ్వంత వేస్తారు. బతికే ఉన్నాను.

నీ తోడికోడళ్ల మాట మా క్లాసులో చెబితే అందరూ నవ్వారు. నువ్వు రోజూ చేసే పనిలోనే ఈ పాఠం ఉంది, చూసుకోలేదు. నాన్నకి మిల్లు బియ్యం పడవు. రోజూ వడ్లు దంచుతావు కదా. రోకలి ఎత్తేటప్పుడు తేలిక, దించేటప్పుడు బరువు. 'గుడ్' దగ్గర ఎత్తు. 'నే' దగ్గర దించు. 'చర్డ్' అనేది రోకలి గింజల మీద ఒరిగే చప్పుడు. ఇకమీదట మనం బరువు అనవద్దు, పోటు అందాం. అమ్మ వాడే రోకలి నీకు ఎక్కువ. ఎత్తడానికే ఊపిరంతా పోతే మాట ఎక్కడ వస్తుంది? తేలికది ఏదైనా చూసుకో.

ఇక అసలు సంగతి. రెండు మాటలు కలిసి ఒక వస్తువుకి పేరైతే, పోటు మొదటిదాని మీద. బ్లాక్‌బోర్డు అంటే 'బ్లాక్' మీద. అవే కలిసి ఒక మనిషి గుణమో రూపమో చెబితే, పోటు రెండోదాని మీద. కైండ్-హార్టెడ్, దయ గల మనసున్నది. పోటు 'హార్' మీద. ఇవి తయారయ్యే తీరు కూడా చూడు. ముందు ఒక గుణం, తరువాత మనిషికి ఉండేది ఏదో ఒకటి, గుండె, చెయ్యి, జుట్టు. దానికి 'డ్' అని ఒక తోక. తోకకి ముందు ట గాని డ గాని ఉంటే ఆ తోక సొంతంగా ఒక ముక్క అవుతుంది. హార్ట్ ఒక ముక్క, హార్టెడ్ రెండు. లేకపోతే ముందుదానిలోనే కలిసిపోతుంది. హేర్ ఒకటే, హేర్డ్ కూడా ఒకటే.

నీ పేరూ ఇలాంటిదే. నల్లని జడ గలది. ఇంగ్లీషులో డార్క్-హేర్డ్. రోజూ దానితో మొదలుపెట్టు.

నరసింగరావు


కళింగపట్నం
5 సెప్టెంబరు 1968

శ్రీవారికి,

నీలవేణి నమస్కారాలు. పోటు పడింది! కైండ్-హార్టెడ్ అంటూ దించితే రోకలి సరిగ్గా 'హార్' దగ్గర గింజల్లో దిగింది. ఎంత సంతోషం వేసిందంటే చుట్టూ ఎవరూ లేరు కదా అని పైకే నవ్వాను.

మీరన్నట్టు తేలిక రోకలి దొరికింది. వడ్ల కొట్టు వెనక గోడకి ఆనించి, పసుపు గుడ్డ చుట్టి ఉంది. చివర ఇనప పొన్ను అరిగి నున్నగా అయింది. పట్టుకుంటే నా చేతికే చేసినట్టుంది. అత్తయ్యని అడిగి తీసుకోవలసింది. అడగాలంటే ఎందుకో చెప్పాలి, చెప్పాలంటే పాఠం సంగతి చెప్పాలి. ఆ సిగ్గుతో గుడ్డ విప్పి నేనే తీసుకున్నాను. మళ్లీ చుట్టి అక్కడే పెట్టేస్తున్నాను.

నాకు ఒక సందేహం. హేర్డ్ అని ఒక్కటే అనకూడదా? మీ పాఠంలో ఎక్కడా అది ఒంటరిగా లేదు.

ఇంకొక సంగతి రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. అత్తయ్య, మావయ్య పొలం వెళ్లాక మిట్టమధ్యాహ్నం దంచుతాను. సముద్రం గాలి పడిపోయే వేళ. ఎండు చేపల వాసన కూడా కదలకుండా దడి దగ్గరే నిలబడి ఉంటుంది. నిన్న ఆ వేళ దంచుతూంటే, నా పోటుకీ పోటుకీ మధ్య ఇంకో పోటు వినిపించింది. గజపతినగరంలో మా అమ్మా నేనూ ఒకే రోట్లో చెరో రోకలీ వేసి దంచేవాళ్లం. ఒకరిది లేస్తుంటే ఒకరిది దిగుతుంది. అచ్చం అలా. నేను ఆపేశాను. ఆపాక ఒక పోటు పడింది. అప్పుడు అదీ ఆగింది.

చేటలో పోసి చూస్తే, ఆ కాసేపట్లో నేను ఎప్పుడూ దంచలేనన్ని బియ్యం ఉన్నాయి.

నీలవేణి


హైదరాబాదు
16 సెప్టెంబరు 1968

చి.ల.సౌ. నీలవేణికి,

ఆశీస్సులు. శభాష్. నీ ఉత్తరం మా ప్రొఫెసరుగారికి చదివి వినిపించాను, రెండో పోటు సంగతి మాత్రం వదిలేసి. పల్లెటూరి ఇల్లాలు రోలు దగ్గర ఇంగ్లీషు ఉచ్చారణ నేర్చుకుంటోందంటే ఆయన కుర్చీలో ముందుకి జరిగారు. దీని మీదే పెద్ద వ్యాసం రాసి పరీక్షకి ఇమ్మన్నారు. కాబట్టి నీ చదువు ఇప్పుడు నా చదువు కూడా. ఏ మాట తొందరగా వచ్చిందో, ఏది మొరాయించిందో వదలకుండా రాయి.

ఆ చప్పుడు వడ్ల కొట్టు గోడది. ఎదురుగా గోడ ఉంటే పోటు తిరిగి వినిపిస్తుంది. భయపడకు.

హేర్డ్ ఒంటరిగా నిలబడదు. జుట్టు గలది అంటే ఏం చెప్పినట్టు, జుట్టు అందరికీ ఉంటుంది. ఎలాంటి జుట్టో చెప్పే మాట పక్కన ఉంటేనే దానికి బతుకు. జంటగానే పుడుతుంది, జంటగానే ఉంటుంది. మంచి ప్రశ్న అడిగావు.

ఈ వారం మాటలు. షార్ట్-టెంపర్డ్, ముక్కు మీద కోపం గలది. ఉదాహరణ అమ్మ. ఆబ్సెంట్-మైండెడ్, మనసు ఎక్కడో పెట్టుకున్నది. నాలుగు ముక్కలు, పోటు 'మైన్' మీద. ఉదాహరణ నేను. అమ్మకి చెప్పకు.

నరసింగరావు


కళింగపట్నం
30 సెప్టెంబరు 1968

శ్రీవారికి,

నమస్కారాలు. ఆబ్సెంట్-మైండెడ్ మొరాయించి రెండో రోజు లొంగింది. షార్ట్-టెంపర్డ్ తేలికగానే వచ్చింది, ఉదాహరణ ఎదురుగానే ఉంది కదా.

గోడ అన్నారు. గోడ అయితే నేను వేసిన పోటునే తిరిగి వేయాలి. ఇది నాకంటే ముందు వేస్తోంది. మొన్న నేను ఇంకా మాట అనుకోకముందే తేలిక, బరువు, తేలిక అని మూడు పడ్డాయి. నాలుగుసార్లు అలాగే. అయిదోసారి నా నోట్లోంచి మాట దానంతట అది వచ్చింది. లెఫ్ట్-హ్యాండెడ్. పోటు సరిగ్గా 'హ్యాన్' మీద. ఈ మాట మీ పాఠాల్లో ఎక్కడైనా ఉందేమో అని అన్ని ఉత్తరాలూ తిరగేశాను. లేదు. దీని అర్థం ఏమిటి?

అసిరమ్మగారు దడి దగ్గర నిలబడి, "ఇద్దరు దంచుతన్నారేటే? ఎవులే ఆ రెండోది?" అన్నారు. నేనొక్కదాన్నే అన్నాను. ఆవిడ రోటి వైపు చూసి, నా చేతి వైపు చూసి, ఎప్పుడూ నవ్వే మనిషి నవ్వకుండా లోపలికి వెళ్లిపోయారు. అప్పుడు చూసుకున్నాను. రోకలి నా ఎడమ చేతిలో ఉంది. బొబ్బలు కూడా ఆ చేతికే లేచాయి.

ఇంతలో అత్తయ్య పొలం నుంచి పెందలాడే వచ్చేశారు. రోకలి దాచడానికి వ్యవధి లేదు. తిట్లకి సిద్ధపడి తల వంచుకున్నాను. "ఆపకే. దంచు," అన్నారు. గుమ్మంలో చతికిలబడి కళ్లు మూసుకుని వింటూ కూర్చున్నారు. చెంపల మీంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. ఆ పూట నాకు ముందు వడ్డించి, తరువాత మావయ్యకి పెట్టారు. మన ఇంట్లో అలా జరగడం మీరు ఎప్పుడైనా చూశారా?

నీలవేణి


హైదరాబాదు
9 అక్టోబరు 1968

చి.ల.సౌ. నీలవేణికి,

లెఫ్ట్-హ్యాండెడ్ అంటే ఎడమచేతి వాటం గలది. ఆ మాట నేను నీకు చెప్పలేదు, చెప్పి ఉండను. మన ఊళ్లో ఇంగ్లీషు వచ్చిన ఇల్లు మిషన్ బడి సుందరరావు మేష్టారిది ఒక్కటే. ఆయన భార్య సత్యవతిగారి దగ్గరికి వెళ్తున్నావన్నమాట. వెళ్లడం తప్పని అనను. కానీ ఆవిడ నేర్పినది రోట్లోంచి వచ్చిందని నాకు కథ చెప్పడం ఎందుకు? ఆవిడ ఇంకేమేం చెప్పిందో నాకు తెలియదు. ఆ మాట కావాలనే నీ నోటికి అందించినట్టుంది.

నా వ్యాసంలో నేను రాసేది నిజమని నమ్మి రాస్తున్నాను. నాకు నిజం కావాలి. ఆ మాట మళ్లీ రాయకు.

నరసింగరావు


కళింగపట్నం
20 అక్టోబరు 1968

శ్రీవారికి,

మీరు కోప్పడి రాసిన ఉత్తరం చదివాను. సత్యవతిగారిని ఒక్కసారి కూడా కలవలేదు. వీధి గుమ్మం దాటాలంటేనే నాకు కాళ్లు ఆడవని మీకు తెలుసు. మా అమ్మ మీద ఒట్టు. మీరు నమ్మకపోతే ఈ లోకంలో నాకు చెప్పుకునే చోటు ఇంకోటి లేదు. అందుకని అంతా రాస్తాను.

అత్తయ్య నన్ను కూర్మీ అని పిలుస్తున్నారు. మొదట ఎవరినో అనుకుని వెనక్కి చూశాను. "నిన్నేనే. రాయే కూర్మీ, జడేస్తాను," అన్నారు. "నేను నీలవేణిని అత్తయ్యా," అన్నాను. "ఊఁ, తెలుసులేవే. అయితే ఏటి?" అని నా తల తన మోకాళ్ల మధ్య పెట్టుకుని చిక్కు తీశారు. పెళ్లయి వచ్చాక నా తల మీద ఎవరైనా చెయ్యి వేయడం అదే మొదలు. దాచడం ఎందుకు, హాయిగా ఉంది. అందుకే ఎక్కువ భయం వేసింది.

ఈ ఉత్తరం కుడి చేత్తోనే రాస్తున్నాను. కానీ కుడి చేత్తో దంచితే నూకలవుతున్నాయి. ఎడమ చేత్తో దంచితే ఒక్క గింజ విరగదు. మొన్న మావయ్య బజారు నుంచి వస్తే ఎదురెళ్లి, "నాన్నా, కాళ్లకి నీళ్లు," అన్నాను. నేను ఆయన ఎదుట ఎప్పుడూ నోరు విప్పలేదు. ఆయన చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. నాన్నా అన్నది నేనేనా అని నాకే తెలియలేదు.

కూర్మి ఎవరు? చనిపోయిన ఆడపడుచు ఒకరున్నారని పెళ్లిలో ఎవరో అనగా విన్నాను, పేరు వినలేదు. రోకలి పెట్టేద్దామని గుడ్డ చుట్టి వెళతాను. మధ్యాహ్నం అయ్యేసరికి అది నా చేతిలోనే ఉంటోంది.

నన్ను వచ్చి తీసుకెళ్లండి. ఇల్లు కుదరకపోయినా ఫరవాలేదు. ఇంగ్లీషు రాకపోతే మీ మేష్టర్ల భార్యలు వచ్చినప్పుడు వంటింట్లో కూర్చుంటాను.

నీలవేణి


హైదరాబాదు
2 నవంబరు 1968

చి.ల.సౌ. నీలవేణికి,

ఆశీస్సులు. నిన్ను అనుమానించినందుకు ఏమీ అనుకోకు. ఇప్పుడు అర్థమయింది. ఇదంతా నీకు చెబుతున్నది అమ్మ.

కూర్మమ్మ నా చెల్లెలు. మన పెళ్లికి రెండేళ్ల ముందు జ్వరంతో పోయింది. ఎడమచేతి వాటం. అప్పటి నుంచీ ఇంట్లో దాని పేరు ఎవరూ ఎత్తరు, అందుకే నేనూ ఎత్తలేదు. ఈ రోకలి పోటు ఉపాయం దానిదే. నేను విజయనగరం కాలేజీ నుంచి సెలవులకి వచ్చి ఈ మాటలే బట్టీ పడుతుంటే, దంచుతూ విని, "అన్నా, ఇది నా పోటే కదేటి" అని పట్టుకుంది. ఒక్కో మాటా నా వెనకాలే అనేది. నాకంటే బాగా అనేది.

నువ్వు తీసినది దాని రోకలే. నేను తేలికది చూసుకోమన్నప్పుడు కొత్తది చేయించుకుంటావనుకున్నాను. మా ఇంట్లో పెళ్లి కాని పిల్ల పోతే దాని రోకలికి పసుపు గుడ్డ చుట్టి పక్కన పెడతారు. ఇంకొకరు పట్టుకోవాలంటే తల్లి తన చేత్తో ఇవ్వాలి. పుచ్చుకునేది రోటి ముందు తన పేరు చెప్పుకుని మొదటి పోటు వేయాలి. నువ్వు అడగలేదు, పేరు చెప్పలేదు. అంతే. పాతకాలపు పట్టింపు, మనసులో పెట్టుకోకు.

అమ్మ రెండేళ్లుగా నవ్వలేదు. నీకు జడ వేస్తోందంటే, ముందు వడ్డిస్తోందంటే, ఎంత మంచి మాట రాశావు! ఆ పేరుతో పిలిస్తే పలుకు. నీదేం పోతుంది? పరీక్షలు జనవరిలో. అంతవరకు కదలడానికి లేదు. ఆ తరువాత విజయనగరమే.

ఈ పాఠం జాగ్రత్తగా చదువు. వ్యాసంలో ముఖ్యమైన భాగం ఇదే. షి ఈజ్ డార్క్-హేర్డ్ అని అక్కడితో ఆపితే పోటు 'హేర్డ్' మీద. అదే మాట తరువాత ఇంకో మాట వచ్చి నిలబడితే, ఎ డార్క్-హేర్డ్ గర్ల్ అంటే, పోటు వెనక్కి జరిగి 'డార్క్' మీదకి పోతుంది. రెండు పెద్ద పోట్లు పక్కపక్కన పడితే రోలు ఓర్చుకోదు. అందుకని ఒకటి తప్పుకుంటుంది.

నరసింగరావు


కళింగపట్నం
18 నవంబరు 1968

శ్రీవారికి,

నమస్కారాలు. పలకమన్నారు కాబట్టి పలుకుతున్నాను. నీదేం పోతుంది అన్నారు. పోతున్నది ఏమిటో రాస్తాను. గజపతినగరంలో మా ఇంటి వెనక దొడ్లో ఏ చెట్టు ఉండేదో నిన్న ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. వంశధార ఏటి గట్టున నేను చిన్నప్పుడు జారి పడిన చోటు మాత్రం బాగా గుర్తుంది. నేను చిన్నప్పుడు వంశధార చూడలేదు.

పోటు జరుగుతుందని రాశారు. ఇక్కడ జరుగుతోంది. ఇదివరకు పెద్ద పోటు నాది, మధ్యలో పడే తేలికది ఆమెది. ఇప్పుడు తేలికది నాది.

అత్తయ్య చెబుతున్నారని మీరు అనుకుంటున్నారు. అత్తయ్యకి ఇంగ్లీషు ఎలా వస్తుంది? బేర్-ఫుటెడ్ అని వచ్చింది. సాఫ్ట్-స్పోకెన్ అని వచ్చింది. ఇవి మీరు ఎవరికైనా చెప్పారేమో మీకే తెలియాలి. ఈ వారమంతా ఒకటే మాట. హాఫ్-ఫినిష్డ్. దాని దగ్గరికి వచ్చి రోకలి ఆగిపోతుంది. ఇంకా ఏదో మాట కోసం చూస్తున్నట్టు గాలిలోనే ఆగుతుంది. నా చెయ్యి నొప్పెట్టినా దిగదు.

అసిరమ్మగారిని అడిగాను. సిగ్గు విడిచి నేనే దడి దగ్గరికి వెళ్లి అడిగాను. ఆవిడ నా చేతులు పట్టుకుని, "నిన్ను ఈ ఇంటికి తెచ్చినోడు వచ్చి, రోలు కాడ నిలబడి, నీ పేరు ఎట్టి పిలవాల. పలికినావంటే రోకలి నీ చేతిని ఒదిలేస్తాది. మొదటి పిలుపే పిలుపు, పిల్లా. రెండోది లెక్క కాదు," అన్నారు. "మా ఆయన నన్నెప్పుడూ పేరు పెట్టి పిలవలేదు," అన్నాను. "ఎవులి మొగుడు పిలిసేడే? ఇదిగో, ఒసే, అంటారు. ఇప్పుడు పిలవమని రాయి," అన్నారు.

కాగితం మీద రాస్తారు. నోటితో ఒక్కసారి కూడా అనలేదు. పెళ్లిలో పురోహితుడు అనమన్నప్పుడు కూడా మీరు నవ్వి ఊరుకున్నారు.

వచ్చి పిలవండి. పలికేది ఇంకా నేనే అయి ఉండగా రండి.

నీలవేణి


హైదరాబాదు
27 నవంబరు 1968

నీలవేణీ,

నేను వస్తున్నాను. పరీక్ష పోతే పోనీ. వ్యాసం చింపేశాను.

హాఫ్-ఫినిష్డ్, సగంలో ఆగినది. అది కూర్మికి నేను చెప్పిన చివరి మాట. అప్పటికే దాని ఒళ్లు కాలిపోతోంది. పడుకోమంటే వినకుండా, తరువాతి మాట చెప్పు అన్నా అంది. రేపు చెబుతానన్నాను. ఆ గదిలో మేమిద్దరమే ఉన్నాం. అమ్మకి తెలియదు. ఎవరికీ తెలియదు.

శుక్రవారం మధ్యాహ్నానికి ఆమదాలవలసలో రైలు దిగి, దొరికిన బస్సు పట్టుకుని ఇంట్లో ఉంటాను. ఈ లోపల ఆ రోకలి ముట్టుకోకు. అమ్మ ఏ పేరుతో పిలిచినా పలకకు. ఇప్పుడు గదిలో ఒంటరిగా నీ పేరు పైకి అంటున్నాను. కొత్తగా ఉంది, బాగుంది. గుమ్మంలో అడుగు పెడుతూనే అదే అంటాను. ఆ రోజే నిన్ను తీసుకుని బయలుదేరతాను. బట్టలు సర్దుకుని ఉండు.

నరసింగరావు


కళింగపట్నం
10 డిసెంబరు 1968

అన్నా,

అన్నం తినకుండా వెళ్లిపోయావు. అమ్మ వేసిన విస్తరి సాయంత్రం దాకా అలాగే ఉంటే ఆవుకి పెట్టాం. రైలు అందిందో లేదో ఒక కార్డు ముక్క కూడా రాయలేదు. నువ్వు కంగారులో ఉన్నావు కాబట్టి ఏదీ సరిగ్గా చూసి ఉండవు. జరిగింది నేను రాస్తాను.

ఆ పిల్ల నీ మాట నిలబెట్టింది. నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి రోకలి ముట్టుకోలేదు. శుక్రవారం తలంటుకుని, పెళ్లిలో కట్టుకున్న చీర కట్టుకుని, బట్టల మూట పక్కన పెట్టుకుని రోటి దగ్గర కూర్చుంది. అమ్మ కూర్మీ అని పిలిస్తే లేవలేదు. "నన్ను పిలిచేవారు వస్తున్నారు అత్తయ్యా, పిలిచాక లేస్తాను," అంది. ఎప్పుడూ గొంతు పైకి రాని పిల్ల అంత గట్టిగా అనడం నేనూ వినలేదు.

నీ బస్సు ఆలస్యమయింది. సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. అమ్మ వడ్లు తెచ్చి రోట్లో పోసి, "మావయ్యకి గింజ లేదే. ఆ ముసిలోణ్ణి పస్తుంచుతావేటి?" అంది. ఈసారి ఏ పేరూ పెట్టలేదు. పెద్దవాళ్లు అడిగితే కాదనడం ఆ పిల్లకి రాదు. అమ్మ జడ వేస్తానంటే వేయించుకుంది. అమ్మ రోకలి చేతికి ఇస్తే పుచ్చుకుంది. పేరు చెప్పుకోవాలని నువ్వు రాశావు కదా, నోరు తెరిచింది కూడా. అత్తగారి ముందు తన పేరు తాను చెప్పుకోవడానికి సిగ్గుపడింది. నువ్వు వచ్చి అంటావులే అనుకుని మొదటి పోటు వేసింది.

నువ్వు వీధి గుమ్మంలోకి వచ్చేటప్పటికి వీపు నీ వైపు ఉంది. రోకలి ఎడమ చేతిలో ఉంది. అమ్మ నాకు వేసే జడే, చివర ఒక పాయ అల్లకుండా వదిలేసి. దారంతా ఆ పిల్ల పేరే అనుకుంటూ వచ్చి ఉంటావు, నాకు తెలుసు. పెదవులు అలాగే కదిలాయి. కానీ చూశావు. చూసి, కూర్మీ అన్నావు.

నిన్నెవరూ తప్పు పట్టరు. రెండేళ్లు గొంతులో ఆపుకున్న పిలుపు అది.

ఆ పిల్ల తల తిప్పబోయింది. అప్పటికే నేను తిరిగాను.

ఆ తరువాత నీలవేణీ, నీలవేణీ అని వీధంతా వినేటట్టు అరిచావు. అసిరమ్మ దడి దగ్గరికి వచ్చి, "ముందు అనాల్సింది ఇప్పుడంటే ఏటి లాభం బాబూ," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నువ్వు నా చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు లాగితే, అమ్మ మధ్యకి వచ్చి, "పెళ్లి కాని పిల్లని ఎక్కడికి ఈడ్సుకుపోతావురా?" అంది. నా చెయ్యి వదిలేసి నువ్వు అడుగులు వెనక్కి వేసుకుంటూ వెళ్లావు. నా మొహం చూస్తూనే వెళ్లావు.

ఆ పిల్లని నేను తరమలేదు. రోటి దగ్గరే ఉంది. మూట కూడా అక్కడే ఉంది, అమ్మ తీయబోతే నేనే ఉండనీ అన్నాను. మధ్యాహ్నం పూట నా పోటుకీ పోటుకీ మధ్య తేలికగా పడుతూ ఉంటుంది. బాగా కలిసివస్తోంది, బియ్యం తొందరగా అవుతున్నాయి. ఏడవదు. కానీ గాలి పడిపోయే వేళకి రోజూ ఒకటే అడుగుతుంది. నాకు జవాబు తెలియదు కాబట్టి నిన్నడుగుతున్నాను.

విజయనగరంలో ఇల్లు కుదిరిందా?

నీ చెల్లెలు
కూర్మమ్మ